మొదటి హోల్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మొదటి హోల్ గారి సముఖమునకు, తమరిని ఒకే బంతితో దాటిన రోజును పండగలా చెప్పుకొనే బెంగళూరులోని ఒక గోల్ఫు క్లబ్బు తెలుగు సభ్యుడు నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి. తమరి చెరువు నిండుగా ఉన్నదనియు, కుడివైపు గోడ చెక్కుచెదరలేదనియు తెలిసి సంతసించితిని.

ఇక వాడుకభాషలోకి దిగుతాను. గ్రాంథికంలో కోపం సరిగ్గా పలకదు.

ఒకప్పుడు తమరు మర్యాదస్తులే. ఫెయిర్‌వే అనే వెడల్పాటి పచ్చిక దారి, ఓ మోస్తరు పొడవు, చివర గుంట ఉండే గ్రీన్, దాని పక్కన బంకర్లనే ఇసుక గుంటలు రెండు. కొట్టినవాడు కొట్టినట్టు ముందుకు నడిచిపోయేవాడు. తర్వాత కమిటీకి ‘సిగ్నేచర్ హోల్’ పిచ్చి, అంటే కోర్సుకే గుర్తుగా చెప్పుకొనే హోల్ ఒకటుండాలన్న పిచ్చి పట్టింది. ఏడో హోలో పద్నాలుగో హోలో చూసుకుని అక్కడ ఆ సంతకమేదో పెట్టుకుంటే పోయేది, నేరుగా తమరి నెత్తిన పెట్టారు. దాంతో తమరిప్పుడు 440 గజాల పార్ 4, అంటే నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్. మొదటి దెబ్బ కొట్టే చోటైన టీ ముందు చెరువు, కుడివైపు పొడుగునా హద్దు గోడ. పెళ్ళికి వచ్చినవాడి మీద గుమ్మంలో పన్నీరు చల్లుతారు గానీ, మర్యాద పేరుతో చెరువులోకి తోయరు కదండీ.

ముఖం చూస్తే తూర్పు. వాస్తుకి దివ్యంగా ఉంటుంది, కాదనను. కానీ కోర్సులు గీసేవాళ్ళ శాస్త్రం వేరు. పొద్దున ఆడే మొదటి హోళ్ళు తూర్పుకీ, సాయంత్రం ముగిసే చివరి హోళ్ళు పడమటికీ చూడకుండా ఉంటే మంచిదంటారు వాళ్ళు. ఔటర్ రింగ్ రోడ్డు నిండకముందే ఆట ముగించి ఆఫీసుకి పోవాలని మా జనం చీకటితో లేచి వస్తే, సరిగ్గా బంతి లేచే దిక్కున సూర్యుడు కూర్చుని ఉంటాడు. బంతి ఎటు పోయిందో కొట్టినవాడికి తెలియదు. వరండాలో ఫిల్టర్ కాఫీ తాగుతున్న పెద్దలకు మాత్రం బాగా తెలుస్తుంది. నాలుగైదు గొంతులు ఒక్కసారే ‘అయ్యో’ అంటాయి.

ఆటగాళ్ళ బ్యాగులు మోసే కేడీల్లో కుప్పం నుంచి వచ్చిన కుర్రాడొకడు ఉన్నాడు. నేను ఇంకా గ్రిప్పు సర్దుకుంటుండగానే, “ఇంగో బాలు జోబీలో పెట్టుకోండి సార్, ఊరికే” అంటాడు. ఆ ‘ఊరికే’లో ఉన్న దయకి వాడికి టిప్పు పెంచాలనిపిస్తుంది.

అసలు గోడ కుడివైపే ఎందుకండీ? కుడిచేత్తో ఆడే మామూలు ఆటగాడి తప్పుబంతి ఎక్కువగా కుడికే వంకర తిరుగుతుంది. హద్దు దాటితే ఒక స్ట్రోకు, అంటే ఒక దెబ్బ జరిమానా, మళ్ళీ మొదట కొట్టిన చోటినుంచే కొట్టాలి. ముందుజాగ్రత్తగా ‘ప్రొవిజనల్’ అని నోటితో చెప్పి రెండో బంతి కొట్టాలి. తమరి టీ మీద ‘గుడ్ మార్నింగ్’ కన్నా ఆ మాటే ఎక్కువ వినిపిస్తుంది. నలుగురిలో ముగ్గురు రెండేసి బంతులు కొట్టేసరికి వెనక ఎనిమిది మంది పోగవుతారు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఎటూ ఇరుక్కుంటాం, దానికి ముందు తమరి దగ్గర రిహార్సల్ అవసరమా? మొదటి హోల్ మొదటి పని జనాన్ని కదిలించడం. అందుకే చాలామంది డిజైనర్లు పార్ 3తో కోర్సు మొదలుపెట్టరు. అది ఒక్క దెబ్బకే గ్రీన్ అందే పొట్టి హోల్ కాబట్టి, ముందు గుంపు గ్రీన్ ఖాళీ చేసేదాకా వెనకవాళ్ళు నిలబడాల్సిందే. బ్రిటన్ వాళ్ళ పెద్ద పోటీ అయిన ఓపెన్ జరిగే కోర్సుల్లో ఇంగ్లండులోని రాయల్ లిథమ్ ఒక్కటే పార్ 3తో మొదలవుతుంది. తమరు పార్ 4 అయ్యుండి కూడా ఆ ట్రాఫిక్ సాధించారు, అది మామూలు ప్రతిభ కాదు.

తమరి తరఫు వకీలు స్కాట్లండులోని ప్రెస్ట్‌విక్ కోర్సు పేరెత్తుతాడని నాకు తెలుసు. 1860లో మొట్టమొదటి ఓపెన్ జరిగిన చోటు. అప్పటి మొదటి హోల్ పొడవు 578 గజాలు, 1870లో ఆ కాలపు మేటి ఆటగాడు యంగ్ టామ్ మోరిస్ దాన్ని మూడు దెబ్బల్లో ముగించాడు. నిజమే. మా సభ్యుల్లో యంగ్ టామ్ ఎవరో చూపిస్తే నేను ఈ ఉత్తరం చించేస్తాను. అక్కడే ఇప్పుడున్న మొదటి హోల్‌కి కుడివైపు గోడ, గోడవతల రైలు పట్టాలు. తమరి అన్నగారిలా ఉంటుంది. కానీ అది 350 గజాలు కూడా లేదు. భయపడేవాడు దూరం కొట్టే డ్రైవర్ అనే కర్రని బ్యాగులోనే ఉంచి, ఐరన్ అనే పొట్టి కర్రతో ఎడంపక్కకు కొట్టుకుని బతికిపోతాడు. బెదిరించినా పక్కన ఒక దారి వదిలింది. తమరి దగ్గర పక్కన గోడ, ముందు నీళ్ళు, పైగా 440 గజాలు.

స్కాట్లండులోనే ఉన్న సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు చూడండి. మొదటిదీ పద్దెనిమిదోదీ ఒకే మైదానం పంచుకుంటాయి, వెడల్పు సుమారు 130 గజాలు, ఒక్క బంకరు లేదు. టీ దగ్గర ఎవరైనా కొట్టొచ్చు. అసలు ప్రశ్న రెండో దెబ్బకి వస్తుంది, గ్రీన్‌కి ఆనుకుని స్విల్కన్ వాగు పారుతుంటుంది కాబట్టి. పరీక్ష అక్కడా ఉంది, కాకపోతే ఒళ్ళు కాస్త వేడెక్కాక పెడతారు. అంత మైదానంలోనూ 1995 ఓపెన్‌లో ఇయాన్ బేకర్-ఫించ్ బంతిని ఎడమవైపు హద్దు దాటించాడు. ఆయన 1991 ఓపెన్ విజేత! మొదటి టీ మీద చేతులు వణకడానికి చెరువులూ గోడలూ అక్కర్లేదు మహాప్రభో, పక్కన నలుగురు మనుషులుంటే చాలు. తమరి పని ఆ వణుకు తగ్గించడం.

మెత్తగా ఉంటే చప్పగా ఉంటానని తమరి భయమైతే, అమెరికాలోని చెర్రీ హిల్స్ కోర్సు సంగతి వినండి. 1960 యూఎస్ ఓపెన్. మొదటి హోల్ 346 గజాలు. ఆర్నాల్డ్ పామర్ మొదటి రౌండులో గ్రీన్ మీదికే కొట్టబోయి వాగులో వేసి ఆరు రాసుకున్నాడు. ఆఖరి రౌండులో అదే మొదటి దెబ్బ గ్రీన్ ఎక్కింది, స్కోరు మూడు. ఆ రౌండు 65 దెబ్బల్లో ముగించి, ఏడు స్ట్రోకుల వెనకనుంచి వచ్చి గెలిచాడు. చిన్న హోలే, ఆశ పెట్టింది. దురాశకి శిక్ష కూడా వేసింది. తమరి దగ్గర ఆశపడేది ఎవరండీ? బతికి బయటపడితే చాలనుకునేవాళ్ళమే అందరం.

పైగా స్కోరుకార్డులో తమరి స్ట్రోక్ ఇండెక్స్ 1, అంటే బలహీనుడికి ఇచ్చే ఉచిత స్ట్రోకు ముందుగా దక్కే హోల్! మ్యాచ్ సమమైతే పంతొమ్మిదోదిగా మళ్ళీ తమరి దగ్గరికే రావాలి, అక్కడ ఎవరికో ఒకరికి ఉచితంగా స్ట్రోకు దక్కుతుంది. అందుకే అలాంటి అంకెలు ఆరంభంలో వద్దంటారు. మా కమిటీకి మాత్రం అది కిరీటం.

కాబట్టి విన్నపం: టీని ఎడమకి జరపండి, వంద గజాలు కోసేయండి, చెరువుని వెనక తొమ్మిది హోళ్ళలో ఎక్కడికైనా పంపండి. బడ్జెట్ లేదంటారా, కనీసం ఏడున్నర దాకా వరండాకి తెరలు దించమని చెప్పండి. చిత్తగించవలెను.

ఇట్లు,
హ్యాండిక్యాప్ 24 (అంటే పార్ కన్నా ఓ పాతిక దెబ్బలు ఎక్కువ తీసుకునేవాడు)

తా.క.: తమరి చెరువులోంచి తీసి కడిగిన బంతులు గేటు బయట అమ్ముతున్నారు. మొన్న నేను కొన్నవాటిలో ఒకదాని మీద నా ఇనీషియల్సే ఉన్నాయి. బేరమాడితే తగ్గించలేదు.