డేట్ అయిపోయిన మందులు వరద బాధితులకి ఇమ్మంటున్న ఆ మెసేజ్ గురించి

మళ్ళీ ఆ మెసేజ్ తిరుగుతోంది. ఎక్స్‌పైరీ డేట్ కంపెనీల మోసం, అమెరికా ఆర్మీయే టెస్ట్ చేసి తేల్చింది, అందుకని పాత మందులు పారేయకుండా వరద బాధితులకి ఇవ్వండి, అసలేం లేనిదానికన్నా నయమే కదా అని. మంచి మనసుతోనే పంపుతున్నారు, కానీ పంపకండి ప్లీజ్.

ఆర్మీ టెస్టులు నిజమే, 1986 నుంచి చేస్తున్నారు, 2006లో వచ్చిన పేపర్లో 122 రకాల మందులు చూస్తే 88 శాతం బ్యాచులు డేట్ దాటాక కనీసం ఇంకో ఏడాది బాగానే ఉన్నాయి. కానీ అవి సీల్ తియ్యకుండా సరైన గోడౌన్లలో దాచినవి, పైగా ఏ బ్యాచ్‌కి ఆ బ్యాచ్ ల్యాబ్‌లో చూశాకే డేట్ పెంచుతారు. మన మందులేమో ఫ్రిజ్ మీద డబ్బాలో మే నెల ఎండలన్నీ తిన్నవి, వాటిని ఏ ల్యాబ్ చూసింది?

మోసం అన్నమాటకొస్తే, ఆ తేదీ దాకా మందు బలానికి కంపెనీ పూచీ, అంతే. మర్నాటికి విషమైపోదు, ఒప్పుకుంటా. కానీ ఇన్సులిన్ బలం తగ్గిందని చూసి చెప్పగలమా?

ఇక "ఏం లేనిదానికన్నా నయం", నాకు బాధేసేది ఇక్కడే. 1988 ఆర్మేనియా భూకంపానికి 5000 టన్నుల మందులూ సామానూ వస్తే విడదీయడానికే 50 మందికి ఆరు నెలలు పట్టింది, 8 శాతం మందులు వచ్చేసరికే డేట్ అయిపోయినవి. సునామీ తర్వాత ఇండోనేషియాలోని అచేలో 600 టన్నుల మందులు నాశనం చెయ్యాల్సొచ్చింది, దానికయ్యే ఖర్చే 24 లక్షల యూరోలు. అందుకే డబ్ల్యూహెచ్‌వో 1996లోనే రూల్ పెట్టింది, విరాళం మందులు చేరేసరికి కనీసం ఏడాది గడువుండాలి అని.

2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు, మునిగిన సింగ్ నగర్ వాళ్ళ కోసం మా అపార్ట్‌మెంట్లో మూడు అట్టపెట్టెల మందులు పోగయ్యాయి. సగం స్ట్రిప్పులు కత్తిరించినవే, డేట్ ఉన్న కొస ఎప్పుడో పోయింది, కొన్నిటికి పేరు కూడా సగమే మిగిలింది, మూత చుట్టూ పంచదార గడ్డకట్టిన సిరప్ సీసాలు, వాడేసిన కంటి చుక్కలు. మెడికల్ షాపాయన కూర్చుని రాత్రి పదకొండింటి దాకా ఏరారు. చివరికి పంపగలిగింది ఓఆర్ఎస్ ప్యాకెట్లూ రెండు పారాసెటమాల్ బాక్సులూ, అవీ ఆ సాయంత్రమే ఎవరో కొనుక్కొచ్చినవి.