‘ఫోటోషాప్ తెరుచుకోలేదా, ఫార్మాట్ కొట్టెయ్’ అనే సలహాకు జవాబు

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే స్టూడియోల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. ఎవరు రాశారో తెలియదు. సారాంశం ఇది:

“ఫోటోషాప్ ఓపెన్ కావడం లేదా? 1. ర్యామ్ చాలడం లేదు, పెంచండి. 2. టెంప్, ప్రీఫెచ్ ఫోల్డర్లు ఖాళీ చేయండి. 3. యాంటీవైరస్ ఆపేయండి. 4. ఏ డీఎల్ఎల్ ఫైలు లేదని చూపిస్తే అది నెట్‌లో దింపి సిస్టమ్32లో వేయండి. 5. రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ పెట్టండి. 6. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. 7. అయినా రాకపోతే విండోస్ పాడైనట్టే. ఫార్మాట్ ఒక్కటే దారి.”

కింద మామూలే, ‘అందరికీ ఉపయోగపడుతుంది, షేర్ చేయండి’ అని.

ఈ ఏడింటిలో పూర్తిగా అబద్ధమైనవి తక్కువే. ఇంకెప్పుడో, ఇంకేదో జబ్బుకి పనికొచ్చిన మందులన్నీ ఒకే చీటీ మీద రాసిచ్చారు. ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిపోయిందో ముందు చూడమని మాత్రం ఒక్క ముక్క లేదు.

మాఘమాసంలో ఒక రాత్రి పది దాటాక, ఆల్బమ్ డిజైనింగ్ చేసే కుర్రాడు ఒకడు ఫోన్ చేశాడు. నాకు తమ్ముడి వరస.

“అన్నా, ఫోటోషాప్ లోగో వస్తోంది, పోతోంది. పొద్దున్నే ఫార్మాట్ కొట్టించేద్దామంటున్నాడు మా ఓనరు.”

“లోగో కింద చిన్న అక్షరాలు మారుతుంటాయి చూడు. చివర్లో ఏముంది?”

“చిన్న అక్షరాలా? ఎప్పుడూ చూడలేదన్నా.”

“ఫోన్‌తో వీడియో తీసి పంపు.”

ఆ చిన్న అక్షరాలు అలంకారం కోసం పెట్టినవి కావు. ఫోటోషాప్ లేచేటప్పుడు ఒక్కో పనీ చేసుకుంటూ ఆ పని పేరు అక్కడ చూపిస్తుంది. ‘రీడింగ్ ప్రిఫరెన్సెస్’ దగ్గర ఆగితే మన సెట్టింగ్స్ ఫైలు చెడిందని అనుమానించాలి. ప్లగిన్ల వరుస దగ్గర పోతే బయటి నుంచి తెచ్చి వేసిన ఏ స్కిన్ రీటచ్ ఫిల్టరో కారణం. పాత 7.0 వాడేవాళ్లకు ‘బిల్డింగ్ ట్వైన్ మెనూ ఐటమ్స్’ అన్న వరుస గుర్తుండే ఉంటుంది. అక్కడ బిగుసుకుంటే చూడాల్సింది స్కానర్ డ్రైవర్‌ని. కంటికి అందనంత వేగంగా పోతే ఫోన్ వీడియోని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి చదువుకోవచ్చు. కుర్రాడి వీడియోలో చివరి వరుస ఫాంట్ల గురించి ఉంది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు మెసేజ్ లోని పాయింట్లు.

ర్యామ్ నుంచి మొదలుపెడదాం. ర్యామ్ తక్కువైతే ఫోటోషాప్ నత్తలా నడుస్తుంది, మధ్యలో ఆగుతుంది. నిన్నటిదాకా అదే ర్యామ్‌తో తెరుచుకున్నది ఇవాళ తెరుచుకోలేదంటే ర్యామ్ ఏమీ రాత్రికి రాత్రి తగ్గిపోలేదు కదా. స్టూడియో సిస్టమ్‌లలో ఎక్కువగా తగ్గిపోయేది సీ డ్రైవ్‌లో ఖాళీ. ఫోటోషాప్ ర్యామ్‌తో పాటు హార్డ్ డిస్క్‌లో కొంత చోటుని చిత్తుకాగితంలా వాడుకుంటుంది. దాన్నే స్క్రాచ్ డిస్క్ అంటారు. మనం మార్చకపోతే అది సీ డ్రైవే. అక్కడ చోటు లేకపోతే ‘స్క్రాచ్ డిస్క్‌లు నిండిపోయాయి’ అని చెప్పి అసలు లేవనే లేవదు.

ఎంత తింటుందో ఒక లెక్క చూడండి. 12 బై 36 అంగుళాల ఆల్బమ్ షీటు, 300 డీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు). అంటే 3,600 పిక్సెళ్లు ఒకవైపు, 10,800 ఇంకోవైపు. మొత్తం 3 కోట్ల 88 లక్షల చిల్లర. పిక్సెల్‌కి మూడు బైట్లు వేసుకున్నా షీటంతా పరుచుకున్న ఒక్క లేయరు సుమారు 117 ఎంబీ. పెళ్లికూతురు, మండపం, పూలు, మెరుపులు అంటూ పాతిక లేయర్లు వేసి, చేసింది వెనక్కి తీసుకోవడానికి హిస్టరీలో యాభై అడుగులు దాచమంటే పదుల జీబీలకు చేరడం పెద్ద విషయమేం కాదు. డబుల్ క్లిక్ చేసిన వెంటనే కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కి పట్టుకుంటే, పూర్తిగా తెరుచుకోకముందే స్క్రాచ్ డిస్క్ ఎంచుకునే చిన్న పెట్టె వస్తుంది. అందులో డీ డ్రైవ్ పెట్టుకుంటే పని అయిపోతుంది. రూపాయి ఖర్చు లేదు.

ర్యామ్ మీద ఇంకో తమాషా. 2018లో విండోస్ 10కి వచ్చిన ఏప్రిల్ అప్‌డేట్ తర్వాత కొన్ని పాత ఫోటోషాప్ వెర్షన్లు ‘96కీ 8కీ మధ్య పూర్ణసంఖ్య ఇవ్వాలి’ అని అడగడం మొదలుపెట్టాయి. 96 కంటే పెద్దది, 8 కంటే చిన్నది ఎక్కడి నుంచి తెస్తాం? సిస్టమ్‌లో ఉన్న ర్యామ్‌ని ప్రోగ్రామ్ తప్పుగా లెక్కపెట్టుకోవడం వల్ల వచ్చిన తంటా అది. విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో ఒక్క విలువ చేరిస్తే పోయింది. ర్యామ్ ఎంత పెంచినా పోయేది కాదు.

రెండో పాయింటు సగం నిజం. కరెంటు పోయినా, ఫోటోషాప్ మధ్యలో చచ్చిపోయినా దాని చిత్తుకాగితాలు టెంప్ ఫోల్డర్‌లో అలాగే పడి ఉంటాయి. ‘ఫోటోషాప్ టెంప్’ అని మొదలై వెనక అంకెలుండే ఫైళ్లు అవి. ఒక్కొక్కటి జీబీల్లో ఉంటుంది. ఫోటోషాప్ మూసి ఉన్నప్పుడు వాటిని తీసేస్తే సీ డ్రైవ్ ఊపిరి పీల్చుకుంటుంది. ప్రీఫెచ్ ఫోల్డర్ మాత్రం వదిలేయండి. ప్రోగ్రామ్‌లు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ రాసుకునే గుర్తులు అందులో ఉంటాయి. అవి తుడిచేస్తే మరుసటిసారి ఇంకాస్త నెమ్మదిగా లేస్తుంది, అంతే.

యాంటీవైరస్ ఆపమనే సలహా ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. క్రాక్ చేసిన కాపీలో మార్చిన ఫైలుని యాంటీవైరస్ పట్టుకుని తీసేస్తుంది. ఫోటోషాప్ లేవదు. ఆపేసి ఆ ఫైలు మళ్లీ వేస్తే లేస్తుంది. అక్కడ యాంటీవైరస్ తన పని తాను చేసింది. స్టాప్ అనే రాన్సమ్‌వేర్ ఇలాంటి క్రాకుల వెంటే బాగా పాకింది. అది వస్తే ఫోటోలన్నిటికీ తాళం పడి, ఫైలు పేరు చివర ఏదో పిచ్చి తోక చేరుతుంది. ముహూర్తం మళ్లీ పెట్టించి తలంబ్రాలు మళ్లీ పోయించి ఫోటోలు తీయలేం కదా. డబ్బు కట్టే స్తోమత లేకపోతే గింప్ అనే ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రామ్ ఉంది, పూర్తిగా ఉచితం. అది మొదటిసారి తెరిచినప్పుడు ఫాంట్ల దగ్గర చాలాసేపు ఆగినట్టు కనపడుతుంది. ఫాంట్ల జాబితా తయారు చేసుకుంటోందన్నమాట. గాభరాపడి టాస్క్ మేనేజర్‌లో చంపేయకుండా టీ తాగి రండి.

అసలు కాపీ ఉన్నవాళ్లకు యాంటీవైరస్ అడ్డుపడదా? అరుదుగా పడొచ్చు. విండోస్ డిఫెండర్‌లో ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ ఆన్‌లో ఉంటే డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలో తనకు నమ్మకం లేని ప్రోగ్రామ్‌లని రాయనివ్వదు. అప్పుడు ఆ ఒక్క ప్రోగ్రామ్‌కి అనుమతి ఇవ్వాలి. ఇంట్లో ఒక తలుపు బిగుసుకుందని వీధి గేటు పీకేస్తామా?

డీఎల్ఎల్ సలహా అన్నిటికన్నా ప్రమాదం. డీఎల్ఎల్ అంటే ప్రోగ్రామ్‌లు నడవడానికి పిలుచుకునే సహాయక ఫైలు. ‘ఎంఎస్‌వీసీపీ140.డీఎల్ఎల్ లేదు’ అని వస్తే లేనిది ఆ ఒక్క ఫైలే అనుకోకండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీయే లేదనో చెడిందనో దానర్థం. అది మైక్రోసాఫ్ట్ సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఎక్స్86 (32 బిట్), ఎక్స్64 (64 బిట్) రెండూ వేసుకోవాలి. విడిగా ఒక్కో డీఎల్ఎల్ ఇచ్చే సైట్లలో ఆ ఫైలు ఎవరు పెట్టారో, లోపల ఏముందో ఎవరికీ పూచీ ఉండదు. ఇంకో చిక్కు. పేరు చూసి సిస్టమ్32లో 32 బిట్ ఫైళ్లు ఉంటాయనుకుంటారు. 64 బిట్ విండోస్‌లో అక్కడ ఉండేవి 64 బిట్ ఫైళ్లు. 32 బిట్‌వి ఉండేది సిస్‌వావ్64లో. పేర్లు పెట్టినవాళ్లని ఏమనాలో మీరే చెప్పండి. దొరికిన 32 బిట్ ఫైలు తెచ్చి సిస్టమ్32లో పడేస్తే, ‘లేదు’ అన్న ఎర్రర్ పోయి చివర 7బి ఉండే ఇంకో ఎర్రర్ వస్తుంది. దానికి మళ్లీ గ్రూపులో ఇంకో మెసేజ్.

అడ్మినిస్ట్రేటర్ సంగతి క్లుప్తంగా. ఫోటోషాప్ 7.0 వచ్చింది 2002లో, విండోస్ ఎక్స్‌పీ కొత్తగా ఉన్న రోజుల్లో. అలాంటి పాత ప్రోగ్రామ్‌లకి ఇప్పటి విండోస్‌లో ఆ అనుమతి కావాల్సి రావచ్చు. ఇప్పటి వెర్షన్లకు అక్కర్లేదు. పైగా అలా తెరిస్తే ఫోల్డర్ లోంచి ఫోటోని లాక్కొచ్చి ఫోటోషాప్‌లో వదలడం కుదరదు. అడ్మిన్ హోదాలో నడుస్తున్న కిటికీలోకి మామూలు కిటికీ నుంచి వస్తువు వదలనివ్వదు విండోస్. ‘డ్రాగ్ అండ్ డ్రాప్ పోయిందన్నా’ అని వచ్చే ఫోన్లలో చాలావాటికి మూలం ఈ టిక్కు మార్కే.

ఇక అన్‌ఇన్‌స్టాల్. సెట్టింగ్స్ ఫైళ్లు ఉండేది ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాదు, మీ యూజర్ పేరు కింద యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో. ప్రోగ్రామ్ తీసేసినా అవి అక్కడే కూర్చుని ఉంటాయి. క్రియేటివ్ క్లౌడ్ నుంచి తీసేటప్పుడు ప్రిఫరెన్సెస్ ఉంచాలా తీసేయాలా అని అడుగుతుంది. భయపడి ‘ఉంచు’ అంటాం. గంట కూర్చుని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే, కొత్త ఫోటోషాప్ వెళ్లి ఆ పాత చెడిన ఫైలునే చదువుకుని మళ్లీ పడిపోతుంది. ఇల్లు మార్చి పాత చెదల బీరువా వెంట తెచ్చుకున్నట్టు.

దీనికి అర నిమిషం పని చాలు. డబుల్ క్లిక్ చేసిన మరుక్షణం కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ కలిపి పట్టుకోండి. సెట్టింగ్స్ ఫైలు తీసేయమంటారా అని అడుగుతుంది, ఎస్ అనండి. ఆలస్యమైతే అడగదు, మళ్లీ ప్రయత్నించాలి. నేనైతే ఇంకో పద్ధతి వాడతాను. యాప్‌డేటాలో రోమింగ్, అందులో అడోబి, అందులో మన వెర్షన్ పేరున్న ఫోల్డర్, దానిలో సెట్టింగ్స్ ఫోల్డర్. దాని పేరు చివర ‘పాతది’ అని చేర్చి వదిలేస్తాను. ఫోటోషాప్ కొత్తది తయారు చేసుకుంటుంది. లేస్తే సరి, లేవకపోతే పేరు మళ్లీ యథాతథం. ఏళ్ల తరబడి పోగేసుకున్న యాక్షన్లు, అంటే ఒక్క నొక్కుతో నడిచేలా దాచుకున్న పనుల వరుసలు, ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి కాబట్టి డిలీట్ కొట్టొద్దు.

ప్లగిన్ల మీద అనుమానముంటే షిఫ్ట్ ఒక్కటే పట్టుకుని తెరవండి. బయటివి వదిలేసి తెరుచుకోనా అని అడుగుతుంది.

గ్రాఫిక్స్ కార్డు గురించి మెసేజ్‌లో ఒక్క మాట లేకపోవడం నాకు ఆశ్చర్యం. లోగో కనపడి చప్పుడు లేకుండా మాయమయ్యే కేసుల్లో అది పెద్ద అనుమానితుడు. స్టార్ట్ మెనూలో ‘రిలయబిలిటీ’ అని కొడితే వచ్చే హిస్టరీలో ఎర్ర గుర్తు మీద నొక్కి, కింద టెక్నికల్ డీటెయిల్స్ తెరవండి. ‘ఫాల్ట్ మాడ్యూల్ నేమ్’ అని ఒక ఫైలు పేరు ఉంటుంది. అది ‘ఎన్‌వీ’తో మొదలైతే ఎన్‌విడియా డ్రైవర్ వైపు, ‘ఏటీఐ’తో మొదలైతే ఏఎండీ వైపు చూడాలి. డ్రైవర్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచే మొదలైతే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ కొట్టి పాత డ్రైవర్‌కి వెళ్లాలి. లేదంటే కార్డు తయారీదారు సైటు నుంచే కొత్తది.

ఇప్పుడు ఏడోది. ‘విండోస్ పాడైనట్టే’ అన్నది నిజమో కాదో తేల్చడానికి ఐదు నిమిషాలు చాలు. సెట్టింగ్స్‌లో కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి, దాంట్లోంచి ఫోటోషాప్ నొక్కండి. అక్కడ లేచిందా, విండోస్ బాగానే ఉంది, ఫోటోషాప్ కూడా బాగానే ఉంది. చెడింది మీ పాత అకౌంట్ లోని ఏదో ఫైలు.

మా కుర్రాడి సిస్టమ్‌లో కొత్త అకౌంట్‌లోనూ లేవలేదు. వీడియోలో ఫాంట్ల వరుస ముందే కనపడింది కాబట్టి నేను కంగారు పడలేదు. సిస్టమ్‌లో అందరికీ కలిపి వేసిన ఫాంట్లు ఏ అకౌంట్ నుంచి తెరిచినా వస్తాయి. ఎన్ని ఉన్నాయని అడిగితే లెక్కపెట్టి చెప్పాడు, నాలుగు వేల పైచిలుకు. తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్లు, ఆల్బమ్ టైటిల్స్ కోసం తెచ్చినవి, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన మెగా ప్యాక్, అన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి ఇన్‌స్టాల్ కొట్టినవే. విండోస్‌తో వచ్చినవి ముట్టుకోకుండా, మనం వేసినవన్నీ డీ డ్రైవ్‌లోకి కాపీ చేయించి సిస్టమ్ నుంచి తీయించాను. ఫోటోషాప్ లేచింది. తర్వాత సగం వేసి చూడటం, లేస్తే మిగతా సగంలో దోషి ఉన్నట్టు, లేవకపోతే ఈ సగంలోనే. నాలుగు వేలైనా పన్నెండు విడతల్లో ఒక్క ఫాంటు దగ్గరికి చేరతాం. మేం ఏడో విడతకే ఆపాం. ముప్పై చిల్లర మిగిలాయి, అన్నీ ఆ మెగా ప్యాక్‌వే. వాటిలో అసలు దోషి ఎవరో వెతికే ఓపిక ఇద్దరికీ లేదు. అర్ధరాత్రి దాటింది, పొద్దున్నే ప్రింటింగ్ ల్యాబ్‌కి ఇరవై షీట్లు పంపాలి.

ఫార్మాట్ కొట్టినా ఆ సిస్టమ్‌లో ఫోటోషాప్ లేచేదే. అందుకే ఆ మెసేజ్ అంతమందికి నిజమనిపిస్తుంది. ఫార్మాట్‌తో విండోస్ కొత్తదవుతుంది, దాంతోపాటు నాలుగు వేల ఫాంట్లూ పోతాయి. ప్రింటర్ సెట్టింగులు, యాక్షన్లు, అను కీబోర్డు అన్నీ మళ్లీ వేసుకోవడానికి రెండు రోజులు. మూడో రోజు టైటిల్ ఫాంటు కావాల్సొస్తుంది, డీ డ్రైవ్‌లో ప్యాక్ భద్రంగా ఉంటుంది, కంట్రోల్ ఏ, ఇన్‌స్టాల్.