గిటార్‌కు ఓ గట్టి పెట్టె దొరకదా?

18 వేలు పోగేసి లెస్ పాల్ అనే మోడల్ తరహా ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కున్నా. దానికి హార్డ్ కేస్ కోసం మూడు నెలలుగా తిరుగుతున్నా. కాస్త నమ్మదగ్గది తొమ్మిది వేలు! గిటార్ ధరలో సగం దాని పెట్టెకే పెట్టాలా?

తక్కువలో వచ్చేవి తలుచుకుంటే కడుపు మండుతుంది. పోయిన నెల 'హార్డ్ కేస్' అని రాసి ఉంటే ఆన్‌లైన్‌లో తెప్పించా. విప్పి చూస్తే పైన గుడ్డ, లోపల థర్మాకోల్. బొటనవేలితో నొక్కితే సొట్ట పడింది. మెడ కింద మెత్త కూడా లేదు. ఈ రకం గిటార్లకు తల (తీగలు బిగించే మరలుండే కొస) దాదాపు 17 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. మెడకు ఆసరా లేక తల కేసు అడుగుకు ఆనిందంటే, పెట్టె ఒక్కసారి వెల్లకిలా పడితే చాలు, నట్ (మెడ, తల కలిసేచోట తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర చెక్క పుటుక్కున విరుగుతుంది. తీగల బిగువు ఎలాగూ లాగుతూనే ఉంటుందాయె.

షాపులో అడిగితే "స్ట్రాటోకాస్టర్‌ది ఉంది, సరిపోతుంది తీస్కోండి" అంటారు. ఎలా సరిపోతుందండీ? అది వేరే రకం ఎలక్ట్రిక్ గిటార్, దాని ఆకారమే వేరు, తల వాలు ఉండదు.

విజయవాడ నుంచి సికింద్రాబాద్ వెళ్లినప్పుడల్లా రైల్లో ఒళ్లో పెట్టుకునే కూర్చుంటున్నా. పైన పెడితే ఎవరో ఒకరు సూట్‌కేసు దాని మీదకి తోసేస్తారు. ప్లైవుడ్ పెట్టె, మెడకు ఆసరా, ఊడిపోని గొళ్లేలు. ఈ మూడూ ఉన్నది అయిదు వేలలో చేసి అమ్మండయ్యా, రేపే వచ్చి కొనుక్కుంటా!