ఇంటర్నెట్ ఫోన్: ముందు రౌటరు, తరువాతే రేటు

ఆఫీసుకు ఇంటర్నెట్ ఫోన్ పెట్టించుకోవాలనుకునే చిన్న వ్యాపారులు ముందుగా అడిగేవి రెండే: నెలకు ఎంత అవుతుంది, "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అనే గొంతు వస్తుందా. అమ్మేవారు కూడా వాటినే చూపించి సంతకం పెట్టించుకుంటారు. కాని మాట తెగకుండా వినబడటం చాలావరకు ఆ రెండింటి మీద కాక, బిల్లింగ్ కౌంటరు కింద వైర్ల చిక్కులో దుమ్ముపట్టి ఉన్న రౌటరు మీద ఆధారపడుతుంది. ఆఫీసులకు నెట్‌వర్కు పనులు చేసిపెట్టే నాకు ఈ మాట చెప్పడంలో ఇక మొహమాటం లేదు.

"మాది 200 ఎంబీపీఎస్ లైనండీ" అన్న భరోసాతో ఒరిగేది తక్కువే. మాటను డేటాగా మార్చే పద్ధతుల్లో (కోడెక్‌లలో) ఒకటైన జీ.711 వాడితే ఒక కాల్‌కు ఒక్కో దిశలో సుమారు 87 కేబీపీఎస్ చాలు. పదిమంది ఒకేసారి మాట్లాడినా ఒక ఎంబీపీఎస్ (వెయ్యి కేబీపీఎస్) నిండదు. అసలు చూడవలసింది ఆలస్యాన్ని. మాట అవతలి చెవికి 150 మిల్లీసెకన్లలోపు చేరడం మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం చెబుతుంది. అది బాగా దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగి, "చెప్పండి", "లేదు, మీరే చెప్పండి" దగ్గరే తిరుగుతుంటారు. సీసీ కెమెరాల రికార్డింగు క్లౌడ్‌కు ఎక్కుతూ అప్‌లోడ్‌ను నింపేస్తే, మాటను మోసే డేటా ముక్కలు (ప్యాకెట్లు) టోల్‌గేటు వద్ద లారీల వెనుక చిక్కిన అంబులెన్సులా ఆగిపోతాయి. మాటకు ముందు దారి ఇచ్చే క్యూఓఎస్ సౌకర్యం లేని రౌటరును, ఉచితంగా ఇచ్చినా సరే, నేను ఒప్పుకోను.

ఇంకో జబ్బు ఉంది. ఫోన్ మోగుతుంది, ఎత్తుతాము, అవతలివారి మాట మనకు వినబడుతుంది, మన మాట మాత్రం వారికి చేరదు. తరచుగా దీనికి కారణం రౌటరులో ఉండే సిప్ ఏఎల్‌జీ అనే సౌకర్యం: కాల్ కలిపే సందేశంలోని చిరునామాలను రౌటరు సాయం పేరుతో తప్పుగా తిరగరాస్తుంది. సెట్టింగుల్లో ఆ ఒక్క టిక్కు తీసేస్తే చాలాసార్లు నయమవుతుంది. అది తెలియక నెలల తరబడి కస్టమర్ కేర్‌తో తగువులాడేవారున్నారు.

కరెంటు సంగతి క్లుప్తంగా చెబుతాను. పాత రాగితీగ ఫోన్‌కు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల విద్యుత్తు వచ్చేది, కాబట్టి ఆఫీసులో కరెంటు పోయినా మోగేది. ఇప్పుడు ఫైబర్ పెట్టె, రౌటరు, స్విచ్చు, ఫోన్లు అన్నీ యూపీఎస్ మీద ఉండాలి. ఒక్కటి వదిలేసినా ఫోన్ మూగపోతుంది.

నంబరు విషయంలో తొందరపడకూడదు. మొబైల్ నంబరును అలాగే ఉంచుకొని కంపెనీ మారే వీలు 2011 నుంచి దేశమంతటా ఉంది. ల్యాండ్‌లైన్‌కు అది లేదు. కాబట్టి బోర్డు మీద, బిల్లుల మీద, పాత ఖాతాదారుల డైరీల్లో ఉన్న నంబరును రద్దు చేయకుండా, దానికి వచ్చే కాల్స్‌ను కొత్త నంబరుకు మళ్లించుకోవాలి. కొత్త నంబరు మీ సంస్థ పేరున ఉంటుందా, అమ్మినవారి పేరున ఉంటుందా అన్నది కాగితం మీద రాయించుకోవాలి.

ఇవన్నీ చూశాకే రేటు మాట్లాడాలి. ఒక వారం మీ ఆఫీసులోనే, రద్దీ వేళల్లో, కెమెరాలు నడుస్తుండగా వాడి చూస్తామని అడగండి. అందుకు ఒప్పుకోని కంపెనీకి నేనైతే అడ్వాన్సు ఇవ్వను.