బెంగకు తీరిక లేని దేశం

పరాయి దేశానికి చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు మొదటి ఆరు నెలలూ దిగాలుగా ఉండాలన్నది మన కుటుంబ వ్యవస్థకు మూలస్తంభం. వీడియో కాల్‌లో మొహం పీక్కుపోయి కనిపించాలి, ఇవతల అమ్మ కొంగుతో కళ్లొత్తుకోవాలి. జర్మనీ వెళ్లినవాళ్లు ఈ సంప్రదాయాన్ని దారుణంగా మంటగలుపుతున్నారు. నెల తిరక్కుండానే "భలే ఉందమ్మా" అంటున్నారు. తప్పు వాళ్లది కాదు. బెంగ పెట్టుకోవాలంటే తీరిక కావాలి, ఆ దేశం అది ఇవ్వదు.

గదిలో చేరిన రెండు వారాల్లోగా ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోదు, మీరు ఫలానా తేదీన చేరారని ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. ఆ పేరు నోరు తిరిగేలోపు గడువు దాటిపోవచ్చు. పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్ ఓ పట్టాన దొరకదు. ఎవరైనా రద్దు చేసుకున్న స్లాట్ కోసం పొద్దున్నే వెబ్‌సైట్ ముందు కాపు కాయాలి.

నమోదయ్యాక పన్ను నంబరు పోస్టులో వస్తుంది. రావాలంటే పోస్టు డబ్బా మీద పేరుండాలి. అక్కడి చిరునామాల్లో ఫ్లాట్ నంబరు సాధారణంగా ఉండదు; పోస్టుమ్యాన్ చూసేది ఇంటిపేరే. చీటీ అంటించకపోతే బ్యాంకు కార్డూ బీమా కార్డూ కూడా వచ్చిన దారినే పోతాయి. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయాలి. తరతరాలుగా ఒక్క ఇంగ్లిషు అక్షరంగా కుదించుకుపోయిన ఇంటిపేరు వేలెడు చీటీ మీద, తలుపు గంట పక్కన, నిండుగా కనిపిస్తుంది. ఊరి మీద ప్రేమ పుట్టేది సరిగ్గా ఇక్కడే, ఏ కోట దగ్గరో కాదు.

డబ్బుల బెంగకూ చోటు లేదు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు (2024 సెప్టెంబరు నుంచి లెక్క ఇది) ముందే వేయించి, నెలకు 992 చొప్పున ఉమ్మడి కుటుంబంలో పెద్దాయనలా లెక్కపెట్టి ఇస్తారు. టీవీ లేకపోయినా నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము తప్పదు. అది ఇంటికొక్కటే. ఒకే ఇంట్లో నలుగురుంటే నలుగురూ కట్టి దేశభక్తి చాటనక్కర్లేదు.

చలికాలంలో కిటికీ పక్కన కూర్చుని ఇల్లు తలుచుకుందామంటే ఆ కిటికీయే ఓ ఉద్యోగం. రోజుకు రెండు మూడుసార్లు హీటరు కట్టేసి, రెక్కలు బార్లా తెరిచి, అయిదు పది నిమిషాల్లో మూసేయాలి. రెక్క పైభాగాన్ని కొంచెం వంచి రోజంతా వదిలేస్తే గాలి మారేది తక్కువ, గోడ చల్లబడేది ఎక్కువ. వంటావిరి ఆ గోడకే పట్టి బూజవుతుంది. బూజు ఖర్చు డిపాజిట్‌లోంచి కోతపడొచ్చు. అందులో ఇరుక్కున్నది మూడు నెలల అద్దె దాకా ఉండొచ్చు గనక, అంత డబ్బు గోడలో పెట్టుకుని ఎవరు మాత్రం ఏడుస్తారు?

విశ్వవిద్యాలయం మరీ అన్యాయం. టైంటేబుల్‌లో "10 సి.టి." అని ఉంటే క్లాసు పదింబావుకి. మన పావుగంట ఆలస్యానికి లాటిన్‌లో పేరు పెట్టి మర్యాద చేసినవాళ్లను ద్వేషించడం ఎలా? "ఎస్.టి." అని ఉంటే మాత్రం పదంటే పదే.

మిగిలింది ఆదివారం. దుకాణాలు మూత, గోడకు డ్రిల్లు పెట్టకూడదు, గాజు సీసాలు వీధి డబ్బాలో వేయకూడదు, చప్పుడవుతుందని. బెంగకు ఇంతకంటే ముహూర్తం ఉండదు. కానీ చాలా విశ్వవిద్యాలయాల్లో సెమిస్టర్ రుసుములోనే దేశమంతా తిరిగే ప్రాంతీయ రైళ్ల టికెట్ కలిసి వస్తుంది (ఐసీఈ అనే వేగపు రైళ్లలో చెల్లదు, పొరపాటున ఎక్కితే జరిమానా). అమ్మ ఫోన్ చేసేసరికి పుత్రరత్నం వెనకాల పొలాలు పరిగెడుతుంటాయి.

"చిక్కిపోయావేంట్రా?"

"సిగ్నల్ పోతోందమ్మా, దిగాక చేస్తా."