బోబాకు క్యూ కట్టొచ్చా?

డాలస్ చుట్టుపక్కల మన ఇళ్లల్లో వారాంతం వస్తే పిల్లలు అడిగేవి మారిపోయాయి. ఒకప్పుడు పిజ్జా అని మారాం చేసినవాళ్లు ఇప్పుడు బోబా (నమిలే గింజలు వేసిన టీ) అంటున్నారు, కొరియన్ కార్న్‌డాగ్ (పుల్లకు గుచ్చి పిండిలో ముంచి వేయించిన సాసేజో చీజో) అంటున్నారు, మోచీ డోనట్ (బంకగా సాగే డోనట్) అంటున్నారు. శనివారం సాయంత్రం కారల్టన్ కొరియా టౌన్ వైపు వెళ్తే పార్కింగ్ దొరకడమే కష్టం. పెద్దవాళ్లలో కొందరు "అంతా రీల్స్ మహిమ, అందులో ఏముంది" అని కొట్టిపారేస్తారు. ఇంకొందరు పిల్లలకు కొనిచ్చి తాము కార్లోనే కూర్చుంటారు. రెండూ సరికాదని నా అభిప్రాయం. వీటిలో నిజంగా తినదగ్గవి ఉన్నాయి, డబ్బు దండగవీ ఉన్నాయి. ఏది ఏదో నోట్లో పెట్టుకుని తేల్చుకోవాలి.

ఈ మోజు మొత్తంలో అసలైన సరుకు బోబా. 1980లలో తైవాన్‌లో పుట్టింది. తైచుంగ్‌లోని చున్ షుయ్ టాంగ్, తైనాన్‌లోని హాన్‌లిన్ అనే రెండు టీ దుకాణాలు మేం ముందంటే మేం ముందని ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడుకున్నాయి. ఎవరైనా చేసుకోగలిగిన పానీయానికి ఎవరు ముందో తేల్చాల్సిన పనే లేదని 2019లో కోర్టు చెప్పేసింది. ఒక దేశం నలభై ఏళ్లుగా ఇష్టంగా తాగుతున్నదాన్ని నిన్నమొన్నటి ఫ్యాషన్ అనడం అన్యాయం.

"సగ్గుబియ్యమే కదా" అంటారు మనవాళ్లు. ముడిసరుకు ఒకటే, ఒప్పుకుంటాను. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులకు వెళ్లే కర్రపెండలం పిండితోనే బోబా గింజలూ చేస్తారు. కానీ పనితనం వేరు. పాయసంలో సగ్గుబియ్యం పాలను పీల్చుకుని మెత్తగా కరిగిపోవాలి. బోబా కరగకూడదు. బ్రౌన్ షుగర్ వేసి మరిగించిన నీళ్లతో పిండి కలిపి, ఉండలు చేసి, అరగంట దాకా ఉడికించి, మూతపెట్టి కాసేపు వదిలేసి, ఆ తర్వాత పాకంలో నానబెడతారు. అలా చేసిన గింజను కొరికితే మొదట కాస్త ఎదురు తిరుగుతుంది, తర్వాత సాగి తెగుతుంది. లోపలిదాకా ఒకేలా ఉంటుంది. ఇది కొన్ని గంటలే నిలుస్తుంది. చల్లారేకొద్దీ పిండి బిగుసుకుని నడిమధ్య గట్టి చుక్క ఒకటి పంటికి తగులుతుంది, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా పాడవుతుంది. మా ఇంటి దగ్గర ఒక దుకాణంలో రాత్రి పూట వెళ్తే ఎప్పుడూ ఆ గట్టి చుక్కలే వస్తాయి. అదే ధర, అదే పెద్ద స్ట్రా, గోడ మీద అవే నియాన్ దీపాలు. అందుకే ఆర్డర్ ఇచ్చే ముందు "గింజలు ఎప్పుడు ఉడికించారు?" అని అడగండి. మంచి దుకాణం వాళ్లు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. జనం బాగా వచ్చే చోట గింజలు నిలవ ఉండవు కాబట్టి క్యూ వల్ల ఆ ఒక్క లాభం మాత్రం ఉంది.

తీపి సంగతి మాత్రం గట్టిగానే చెప్పాలి. పిల్లలకు రోజు మొత్తం మీద కలిపిన చక్కెర 25 గ్రాములు దాటకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సలహా. ఫుల్ షుగర్ పెద్ద కప్పు ఒక్కటే దాన్ని సులువుగా దాటేస్తుంది. సగం తీపి, పావు తీపి అని అడిగితే ఇస్తారు. సున్నా అని అడిగినా గింజలు నానిన పాకం కప్పులోకి వస్తుందని గుర్తుంచుకోవాలి. ఇంటింటా షుగర్ మాత్రలు ఉన్న మనకు ఇది చిన్న విషయం కాదు. పైగా అది టీ. రాత్రి ఎనిమిదికి తాగించి, పిల్లాడు పడుకోవడం లేదంటే ఎలా?

ఇక కొరియన్ కార్న్‌డాగ్. 2016లో బూసాన్‌లో మొదలైన మ్యుంగ్రాంగ్ లాంటి దుకాణాల వల్ల ఊరూరా పాకింది. వీడియోల్లో చూపించేది ఒక్కటే, మోజరెల్లా చీజ్ బారెడు సాగడం. ఆ సాగడానికి రుచి లేదు. మోజరెల్లా అసలే చప్పటి చీజ్. రుచంతా పైపొరలో ఉంది. కరకరలాడే బంగాళాదుంప ముక్కలు, పైన చల్లిన పంచదార, కెచప్ పులుపు, లోపలి ఉప్పదనం ఒకేసారి తగిలితే చాలా బాగుంటుంది. కానీ ఐదు నిమిషాల్లో తినేయాలి. ఇంటికి పార్సిల్ తెచ్చుకుంటే నూనె కక్కిన పిండి, రబ్బరైపోయిన చీజ్ మిగులుతాయి. ఫొటోలు తీసుకుంటూ నిలబడినవాళ్లకూ దక్కేది అదే.

మోచీ డోనట్‌కు నా ఓటు ఉంది. ఎనిమిది చిన్న ఉండలు గుండ్రంగా అతికించినట్టుండే ఆ ఆకారం, జపాన్‌లో మిస్టర్ డోనట్ దుకాణాలు 2003లో తెచ్చిన పోన్ డె రింగ్ అనే డోనట్‌ది. పైన రంగుల గ్లేజ్ లేని సాదాది తినండి, అసలు సంగతి తెలుస్తుంది.

నాకు కోపం తెప్పించేది తాంఘులు. ఉత్తర చైనాలో ఎముకలు కొరికే చలికాలంలో పుల్లటి హాథార్న్ పండ్లను పాకంలో ముంచి అమ్మే తినుబండారం అది. ఆ పొడి చలిలో పాకం గాజులా నిలుస్తుంది, పండు పులుపు తీపిని సర్దుతుంది. దాన్ని తెచ్చి, టెక్సాస్ ఎండలో తియ్యటి స్ట్రాబెర్రీలకు పాకం పూసి అమ్మితే, చేతికి వచ్చేసరికే జిగటగా కారిపోతుంది. అది కేవలం డబ్బు దండగ. అంతకంటే పెద్ద భయం ఏమిటంటే, వీడియోలు చూసి పిల్లలు ఇంట్లో మైక్రోవేవ్‌లో పాకం కాస్తున్నారు. ఆ పాకం దాదాపు 150 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. మరిగే నీళ్లు పడితే జారిపోతాయి, పాకం చర్మానికి అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. మీ ఇంట్లో పది పన్నెండేళ్ల పిల్లలుంటే ఈరోజే ఈ మాట చెప్పండి.

శాకాహారులకు కూడా ఒక మాట. బోబా గింజల్లో మాంసం ఏమీ లేదు, కానీ కప్పులో వేసే పుడ్డింగ్‌లో గుడ్డో, జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటినో ఉండొచ్చు. చీజ్ ఒక్కటే ఉన్న కార్న్‌డాగ్ అడిగినా, సాసేజ్ వేగిన నూనెలోనే వేయించి ఉండొచ్చు. ఎర్రగా నోరూరించే కొరియన్ వంటకం తొక్బొక్కి చూడటానికి బియ్యప్పిండి, కారమే అనిపిస్తుంది, దాని రసం చాలా చోట్ల ఎండు చేపలతో కాస్తారు.

ఈసారి మన సంఘం దసరా వేడుకలకు బోబా స్టాల్ పెట్టాలని కార్యవర్గంలో మాట నడుస్తోందని విన్నాను. పెట్టండి, పిల్లలు సంతోషిస్తారు. అయితే గింజలు అక్కడికక్కడే ఉడికించేవాళ్లనే పిలవండి, చిన్న కప్పులే ఇప్పించండి, ఏ కప్పులో ఏముందో తెలుగులో, ఇంగ్లీషులో బోర్డు రాయించండి. బోర్డు రాసే పని నేను చేస్తాను.