మిద్దె మీది కుండీకి పల్లె పెంట ఎందుకు?

మిద్దె తోటలు పెంచేవాళ్లు నలుగురు కలిస్తే ముందు వచ్చే మాట మట్టి మిశ్రమం గురించే. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు), పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి, ఇంకో గుప్పెడు ఎముకల పొడి, ఆపైన ఆవపిండి... జాబితా ఏటా పెరుగుతూనే ఉంది. ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయి, కుండీకి నిజంగా ఇంత కావాలా అని మాత్రం ఎవరూ అడగట్లేదు. నా మాట సూటిగా చెప్తాను: కుండీలకు సేంద్రియ ఎరువే వెయ్యాలి, కానీ అది సంచుల్లో కొనుక్కొచ్చేది కాకూడదు, మన వంటింట్లోంచి రావాలి.

ముందు కొలత సంగతి. మొత్తం మిశ్రమంలో మూడో వంతు మాగిన కంపోస్టు ఉంటే చాలు. సేంద్రియమే కదా, ఎంత వేస్తే అంత మంచిది అనుకుని సగానికి పైగా ఎరువే నింపేవాళ్లు చాలామంది ఉన్నారు. పొలంలో అయితే ఎరువు ఎక్కువైన చోటు వదిలేసి వేరు ఇంకోవైపు పోతుంది, కుండీలో దానికి ఎటూ దారి లేదు. ఎరువులోని లవణాలు అక్కడే పేరుకుని ఆకుల అంచులు మాడతాయి. పైగా సేంద్రియ పదార్థం కుళ్లుతూ కుంగిపోతుంది కాబట్టి కొన్ని నెలలకే కుండీలో మట్టి మట్టం దిగిపోయి, గాలి ఆడక, నీళ్లు నిలబడతాయి. ఇక సగం మాగిన ఎరువైతే ఇంకా ఘోరం. దాన్ని కుళ్లబెట్టే పనిలో సూక్ష్మజీవులు మొక్కకు అందాల్సిన నత్రజనిని కూడా వాడేసుకుంటాయి, ఆకు పసుపు రంగుకి తిరుగుతుంది, మనం టెన్షన్ పడి మళ్లీ రెండు గుప్పెళ్లు అదే ఎరువు వేస్తాం. పచ్చి పేడతో అయితే వేరుపురుగు కూడా వెంట వస్తుంది. ఎముకల పొడి విషయం కూడా చెప్పాలి: అందులోని భాస్వరం మొక్కకు అందాలంటే మట్టికి కాస్త ఆమ్లగుణం ఉండాలి, నగరాల్లో చాలామంది పోసేది ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు, దాంతో మట్టి క్షారం వైపు మళ్లుతుంది, పొడి ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది.

మాగిందో లేదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. గుప్పెడు తీసుకుని గట్టిగా పిసకండి. ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే పొడిపొడిగా విడిపోవాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. తొలకరి పడ్డప్పటి మట్టి వాసన రావాలి. అమ్మోనియా ఘాటు ముక్కుకి తగిలినా, అరటి తొక్క ఇంకా అరటి తొక్కలాగే కనిపించినా ఇంకొన్ని వారాలు ఆగాల్సిందే.

రసాయన ఎరువులవాళ్ల వాదన కూడా నాకు తెలుసు. 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరు నీళ్లలో కాస్త కలిపి పోస్తే పనైపోతుంది కదా, ఈ కుళ్లబెట్టే బాధెందుకు అంటారు. పోషకాల లెక్క ఒక్కటే చూస్తే వాళ్లది నిజమే. యూరియాలో నత్రజని 46 శాతం, వర్మీకంపోస్టులో ఎరువుల నాణ్యతకి కేంద్రం పెట్టిన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు అడిగే కనీసం 1 శాతమే. కానీ అదే ఉత్తర్వు వర్మీకంపోస్టులో సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకూ పేడా లాంటి వాటి నుంచి వచ్చే కర్బనం, కనీసం 18 శాతం ఉండాలంటుంది, అసలు విషయం అక్కడుంది. మే నెల ఎండకి కాలిపోతున్న స్లాబు మీద, అడుగున్నర లోతు మట్టిలో తడిని నిలిపేదీ, సూక్ష్మజీవులను బతికించేదీ కర్బనమే. 19:19:19లో అది లేదు.

ఆ కర్బనం ఇప్పుడు ఎవరిది తెచ్చుకుంటున్నాం? పల్లెది. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు పోయాయి, పెంటకుప్పలు తగ్గాయి, సేంద్రియ కర్బనం అర శాతం కూడా లేని పొలాలు మన రెండు రాష్ట్రాల్లోనూ కొల్లలు. రైతుకే ఒక ట్రాక్టర్ లోడు పెంట దొరకడం గగనమైన రోజుల్లో, దాన్నే మాగబెట్టి సంచుల్లో కట్టి మన మిద్దెల మీదికి ఎక్కిస్తున్నారు. ఇదేం న్యాయం? ఇప్పటికే పల్లె మనకి బియ్యం, వంకాయ, టమాటా, కొత్తిమీర కట్టలతో పాటు తన మట్టిలోని సారాన్ని కూడా పంపుతోంది. మనం తిరిగి పంపేది ఏమీ లేదు. హైదరాబాద్ తొక్కలూ కాడలూ ప్లాస్టిక్ కవర్లతో కలిసి జవహర్‌నగర్ చెత్త డంపింగ్ యార్డుకి చేరి, గాలి తగలకుండా కుళ్లి, మీథేన్‌గా, మురుగు ఊటగా మారుతున్నాయి. తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరు చెయ్యాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. ఎన్ని అపార్ట్‌మెంట్లలో రెండు డబ్బాలు నిజంగా రెండు డబ్బాలుగానే ఆటోలోకి వెళ్తున్నాయో చూడండి.

అందుకే మిద్దె తోటవాళ్లు ఈ పనికి ముందుండాలంటున్నాను. మూత ఉన్న పాత బకెట్‌కి చుట్టూ, అడుగునా చిల్లులు పెట్టండి. ఒక పొర కూరగాయల తొక్కలు, దాని మీద రెండింతలు ఎండుటాకు, కాస్త పుల్ల మజ్జిగ, వారానికోసారి తిరగెయ్యడం. రెండు మూడు నెలలకి నల్లగా మారుతుంది. వాసన వస్తోందంటే, పురుగులు పడుతున్నాయంటే ఎండుటాకు తక్కువైందనే అర్థం, ఇంకో రెండు గుప్పెళ్లు వేస్తే సర్దుకుంటుంది. మొదట్లో మాగడానికి టైం పడుతుంది కాబట్టి ఒకసారి సంచి కొనుక్కుంటే తప్పు లేదు, ఏటా కొనడమే తప్పు.

ఎండుటాకు ఎక్కడిది అంటారేమో. ఫిబ్రవరి, మార్చిల్లో పొద్దున్నే కాలనీ వీధులు చూడండి, కానుగ, రావి ఆకు కుప్పలుగా ఊడ్చి మూలకి చేర్చి అగ్గిపుల్ల గీసేస్తారు. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని ఆ 2016 నిబంధనలే నిషేధించాయి. ఊడ్చేవాళ్లని అనాల్సిన పని లేదు, ఆ ఆకు వెయ్యడానికి వాళ్లకి చోటు చూపించనిది మున్సిపాలిటీ. ప్రతి కాలనీ పార్కులో ఒక మూల ఇనుప జాలీతో గూడు కట్టి, ఊడ్చిన ఆకంతా అందులో పోయించి, అడిగినవాళ్లకి ఉచితంగా ఇవ్వాలి. దీనికి పెద్ద బడ్జెట్ అవసరం లేదు, కొత్త చట్టమూ అవసరం లేదు. కాలనీ సంక్షేమ సంఘాలు ఈ జనవరిలోపే వార్డు ఆఫీసుకి దరఖాస్తు పెట్టి, ఆకు రాలే నాటికి గూడు కట్టించుకోవాలి.